ఆ నంబరు మీకు ఎవరిచ్చారు?

నకిలీ కస్టమర్ కేర్, కంప్యూటర్ సపోర్ట్ ఫోన్ల మీద ఈసారి ప్రశ్నలు ఎక్కువగా వచ్చాయి. ఒకే రకం అనుభవాలను కలిపి జవాబులు ఇస్తున్నాం. డబ్బు పోయి గంటలే అయినవాళ్లు మిగతావన్నీ వదిలేసి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ వివరాలు ఐదో జవాబులో ఉన్నాయి.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో పాత సినిమా పాటలు వెతుకుతుంటే తెరంతా ఎర్రగా మారి సైరన్ మోగింది. "మీ కంప్యూటర్ లాక్ అయింది, ఆపకండి, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని ఇంగ్లిషులో ఆడగొంతు చెబుతూనే ఉంది. ఎంత నొక్కినా పోలేదు. కింద మైక్రోసాఫ్ట్ గుర్తు ఉంది. నిజంగా వైరసేనా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: వైరస్ కాదండీ. అది బ్రౌజర్‌లో తెరుచుకున్న మామూలు వెబ్ పేజీ. ఆ పేజీ తనను తాను ఫుల్ స్క్రీన్ చేసుకుంటుంది. దాంతో పైనున్న అడ్రస్ బార్, మూసే ఇంటూ గుర్తు, కిందున్న టాస్క్‌బార్ కనబడకుండా పోతాయి. కొన్ని పేజీలు అసలు మౌస్ బాణాన్ని దాచేసి, దాని బొమ్మను మరోచోట పెడతాయి. మీరు నొక్కేది ఒకచోట, పడేది ఇంకోచోట. అందుకే కంప్యూటర్ బిగుసుకుపోయినట్టు అనిపిస్తుంది.

ముందు ఎస్కేప్ మీటను రెండు మూడు సెకన్లు వదలకుండా నొక్కి పట్టుకోండి. ఊరికే తట్టి వదిలేస్తే చాలాసార్లు పనిచేయదు. ఫుల్ స్క్రీన్ పోయి పైన ట్యాబ్‌లు కనబడగానే దాన్ని మూసేయండి. అలా కుదరకపోతే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి. అదీ కాకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మీ బ్రౌజర్ పేరు మీద క్లిక్ చేసి "ఎండ్ టాస్క్" నొక్కండి. ఏదీ పనిచేయకపోతే పవర్ బటన్‌ను పది సెకన్ల పాటు నొక్కి పట్టుకుని ఆపేయండి. "ఆపకండి, డేటా పోతుంది" అని ఆ గొంతు బెదిరించేది ఇందుకే. ఆపితే వాళ్ల పని అయిపోయినట్టే.

మళ్లీ బ్రౌజర్ తెరిచినప్పుడు "పాత పేజీలు తిరిగి తెరవాలా" అని అడుగుతుంది. వద్దనండి. తెరిస్తే అదే పేజీ మళ్లీ వస్తుంది. తర్వాత క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్‌కు వెళ్లి, మీకు తెలియని సైట్లకు అనుమతి ఉంటే తీసేయండి. ఎప్పుడో తెలియక "అలవ్" నొక్కి ఉంటే రోజూ మూలన "వైరస్ దొరికింది" అన్న చీటీలు వచ్చేది అక్కడి నుంచే. మనశ్శాంతి కోసం విండోస్ సెక్యూరిటీలో ఉన్న డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఒకసారి పెట్టండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, పావుగంటలో అయిపోతుంది.

ఒక్క గుర్తు పెట్టుకుంటే ఇక మీదట తడబడరు. మైక్రోసాఫ్ట్ తన ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబరు ఎప్పుడూ ఇవ్వదు. హెచ్చరికలో నంబరు ఉందంటే ఆ హెచ్చరికే నకిలీ.

ప్రశ్న: మా షాపు కంప్యూటర్‌కు అలాంటిదే వస్తే ఆ నంబరుకు ఫోన్ చేశాను. అవతలి మనిషి రిమోట్‌లో వచ్చి వందల కొద్దీ ఎర్ర గుర్తులు చూపించాడు. నల్ల తెరలో "ఫారిన్ అడ్రస్" అని వరుసగా కనిపించాయి. విదేశీ హ్యాకర్లు దూరారన్నాడు. ఎనిమిది వేలు కట్టాను. ఇప్పుడు అనుమానంగా ఉంది.
– ఒక వ్యాపారి, కరీంనగర్

జవాబు: మీకు చూపించినవన్నీ నిజంగా మీ కంప్యూటర్‌లో ఉన్నవే. వాటికి అతను చెప్పిన అర్థమే అబద్ధం. ఈ మోసం నిలబడేది అక్కడే.

ఎర్ర గుర్తులు ఉన్నది ఈవెంట్ వ్యూయర్‌లో. విండోస్ తనలో జరిగే ప్రతి చిన్న సంగతినీ రాసుకునే చిట్టా అది. ప్రింటర్ ఆన్‌లో లేదు, ఒక సర్వీసు రెండు సెకన్లు ఆలస్యంగా మొదలైంది, ఇలాంటివన్నీ అక్కడ ఎర్ర గుర్తుతోనో పసుపు త్రికోణంతోనో పడతాయి. కొత్తగా కొన్న కంప్యూటర్‌లో వారం తర్వాత చూసినా అవి ఉంటాయి. నల్ల తెరలో కనిపించింది నెట్‌స్టాట్ అనే ఆదేశం. అందులో "ఫారిన్ అడ్రస్" అన్నది ఒక గడికి పెట్టిన పేరు. అవతలి కొస చిరునామా అని మాత్రమే దాని అర్థం. మీరు జీఎస్టీ పోర్టల్ తెరిచినా అదే గడిలో కనిపిస్తుంది. కొందరు "మీ కంప్యూటర్ లైసెన్సు నంబరు ఇదేనా చూసుకోండి" అంటూ 888తో మొదలయ్యే పొడవాటి అంకెలు, అక్షరాలు చదువుతారు. అవి మీ తెర మీద ఉన్నవాటితో అచ్చం సరిపోతాయి, ఎందుకంటే అవి ప్రపంచంలోని విండోస్ కంప్యూటర్లన్నిటిలోనూ ఒకటే. ఇంకో పద్ధతి కూడా ఉంది. "ట్రీ" అని కొడితే ఫోల్డర్ల పేర్లు తెర మీద జారిపోతూ ఉంటాయి. అవి జారుతుండగానే అతను "వైరస్ ఫౌండ్" అని టైపు చేసి పెడతాడు. జారడం ఆగేసరికి కంప్యూటరే ఆ మాట చెప్పినట్టు చివర్న ఉంటుంది.

ఇక చేయాల్సింది. ముందు నెట్ కేబుల్ తీసేయండి, వైఫై ఆపండి. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాను ఇన్‌స్టాల్ అయిన తేదీ వారీగా పెట్టి చూడండి. ఎనీడెస్క్, టీమ్ వ్యూయర్, అల్ట్రా వ్యూయర్, సుప్రీమో, స్క్రీన్ కనెక్ట్ లాంటి, దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే యాప్‌లు ఆ రోజు వచ్చి ఉంటే తీసేయండి. ఒకటి తీసి ఊరుకోకండి. రెండోది చాటుగా పెట్టి వెళ్లడం వీళ్లకు మామూలే. పైగా కొన్నిటిలో పాస్‌వర్డ్ పెట్టి, మీరు ఒప్పుకునే పని లేకుండానే మళ్లీ ఎప్పుడైనా లోపలికి వచ్చేలా చేసుకుంటారు.

పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచో వేరే కంప్యూటర్ నుంచో మార్చండి. అదే కంప్యూటర్‌లో మారిస్తే కొత్తవి కూడా వాళ్లకు అందవచ్చు. ముందు ఈమెయిల్‌ది మార్చండి, తర్వాత బ్యాంకువి, ఆ తర్వాత జీఎస్టీ, మిగతావి. ఈమెయిల్ ముందెందుకంటే, తక్కినవాటి పాస్‌వర్డ్ మర్చిపోయామంటే కొత్తది వచ్చేది అక్కడికే. బ్రౌజర్‌లో సేవ్ చేసి పెట్టిన పాస్‌వర్డ్‌లన్నీ బయటపడ్డాయనే అనుకోండి.

అతను కంప్యూటర్‌ను తన చేతిలో పెట్టుకుని, మిమ్మల్ని కౌంటర్ దగ్గరకు పొమ్మని పది నిమిషాలు గడిపి ఉంటే మా సలహా ఒక్కటే: టాలీ డేటా, బిల్లులు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, "రీసెట్ దిస్ పీసీ"లో "రిమూవ్ ఎవ్రీథింగ్" ఎంచుకుని విండోస్ మళ్లీ వేయించండి. ఒక పూట షాపు పని ఆగుతుంది, కానీ ఏం వదిలి వెళ్లాడో వెతుక్కుంటూ కూర్చునే బాధ తప్పుతుంది. మీరు కట్టిన ఎనిమిది వేల సంగతి బ్యాంకుకు, 1930కి చెప్పండి. "అయిదేళ్ల సర్వీసు రద్దు చేసి డబ్బు తిరిగిస్తాం" అంటూ వాళ్లే కొన్ని నెలలకు మళ్లీ ఫోన్ చేస్తారు. ఆ రెండో ఫోన్‌లోనే పెద్ద మొత్తం పోతుంది.

ప్రశ్న: కొరియర్ రాలేదని గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేశాను. ఒక యాప్ వేసుకుని అందులో వచ్చే తొమ్మిది అంకెలు చెప్పమన్నారు. ఓటీపీ గానీ పిన్ గానీ నేను ఎవరికీ చెప్పలేదు. అయినా ఖాతాలో నలభై వేలు పోయాయి. ఎలా?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: చెప్పాల్సిన అవసరమే లేదమ్మా, వాళ్లకు కనిపించింది. ఆ తొమ్మిది అంకెలే మీ ఫోన్‌కు తాళం చెవి. ఎనీడెస్క్ ద్వారా ఇలా ఖాతాలు ఊడ్చేస్తున్నారని 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. ఆ యాప్‌ది తప్పు కాదు, ఆఫీసుల్లో రోజూ వాడేదే. ముక్కూమొహం తెలియనివాళ్లకు అందులోని అంకెలు చెప్పడంలోనే ప్రమాదం ఉంది.

ఆండ్రాయిడ్‌లో అవతలివాళ్లు మీ తెర చూడటానికి ఒక అనుమతి, మీ ఫోన్‌ను వాళ్లే నడపడానికి యాక్సెసిబిలిటీ అనే మరో అనుమతి కావాలి. రెండోది ఇవ్వకపోయినా నష్టం జరుగుతుంది. ఓటీపీ మెసేజ్ తెర పైన కనిపించిన రెండు సెకన్లు వాళ్లకు చాలు. చాలా బ్యాంకు యాప్‌లు షేరింగ్‌లో నల్లగా కనిపిస్తాయి గానీ ఎస్సెమ్మెస్‌లు అలా దాగవు. ఐఫోన్‌ను ఇలాంటి యాప్‌లతో అవతలి నుంచి నడపలేరు, కానీ చూడగలరు. షేరింగ్ నడుస్తున్నప్పుడు తెర పైభాగంలో ఎర్ర రంగు గుర్తో, క్యాస్ట్ గుర్తో ఉంటుంది. అది కనబడితే ముందు నెట్ ఆపండి, ప్రశ్నలు తర్వాత.

ఇలాంటి ఫోన్లలో ఇంకో మూడు పనులు చేయిస్తారు. అవి ఎందుకో తెలిస్తే అక్కడే ఆగిపోవచ్చు.

"రిజిస్ట్రేషన్ కోసం పది రూపాయలు కట్టండి" అని లింక్ పంపుతారు. పదే కదా అని మనం పట్టించుకోం. ఆ పేజీలో కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ, ఒక్కోసారి యూపీఐ పిన్ కూడా నింపమంటారు. వాళ్లకు కావాల్సింది ఆ వివరాలే. యూపీఐ పిన్ అనేది డబ్బు పంపడానికి, బ్యాలెన్స్ చూసుకోవడానికి. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ అక్కర్లేదు.

"మేము పంపిన మెసేజ్‌ను ఈ పది అంకెల నంబరుకు ఫార్వర్డ్ చేయండి" అంటారు. అర్థంలేని అక్షరాల వరస లాంటి ఆ మెసేజే అన్నిటికన్నా ప్రమాదం. యూపీఐ యాప్ కొత్త ఫోన్‌లో పెట్టుకున్నప్పుడు, ఈ సిమ్ మనదేనని తేల్చడానికి యాప్ మన ఫోన్ నుంచి అలాంటి మెసేజ్ ఒకటి బ్యాంకుకు పంపుతుంది. ఆ మోసగాడి ఫోన్‌లో తయారైన మెసేజ్‌ను మీ సిమ్ నుంచి పంపిస్తే, మీ నంబరు మీద యూపీఐ అతని ఫోన్‌లో తెరుచుకుంటుంది. తర్వాత "వెరిఫికేషన్" అంటూ డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఓటీపీ అడిగి కొత్త పిన్ పెట్టుకుంటాడు. అలాంటిది మీరు పంపి ఉంటే బ్యాంకుకు ఫోన్ చేసి మీ నంబరు మీదున్న యూపీఐని ఆపించండి. యాప్ తీసేసినంత మాత్రాన అది ఆగదు.

మూడోది *21* అనో *401* అనో మొదలుపెట్టి, వెనక ఒక నంబరు కలిపి డయల్ చేయమనడం. దాంతో మీకు రావాల్సిన ఫోన్లన్నీ వాళ్లకు పోతాయి. ఫోన్ కాల్‌లో చెప్పే ఓటీపీలు, వాట్సాప్ కోడ్‌లు కూడా. *#21# డయల్ చేస్తే మళ్లింపు ఉందో లేదో తెలుస్తుంది, ##002# చేస్తే మళ్లింపులన్నీ రద్దవుతాయి.

ప్రశ్న: మరి అసలైన కస్టమర్ కేర్ నంబరు ఎలా కనుక్కోవాలి?
– ఒక డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: వస్తువు అట్టపెట్టె మీద, బిల్లు మీద, కార్డు వెనక, లేదా ఆ కంపెనీ యాప్ లోపలి "హెల్ప్"లో చూడండి. సెర్చ్‌లో పైన "స్పాన్సర్డ్" అని వచ్చేవి డబ్బు కట్టి పెట్టించిన ప్రకటనలు. మ్యాప్స్‌లో దుకాణాల, బ్యాంకు శాఖల వివరాలకు ఎవరైనా మార్పులు సూచించవచ్చు, అలా నంబర్లు మారిపోయిన సందర్భాలున్నాయి. ఎక్స్ (పాత ట్విట్టర్)లో కంపెనీ మీద ఫిర్యాదు రాస్తే నిమిషాల్లో అదే బొమ్మ, దాదాపు అదే పేరున్న ఖాతా "మీ నంబరు పంపండి" అంటుంది. ఆ పేరులో ఒక అక్షరం తేడా ఉంటుంది.

బ్యాంకు నుంచి అంటూ ఫోన్ వస్తే: ఖాతా, లావాదేవీల విషయాలకు 1600తో మొదలయ్యే నంబర్లే వాడాలని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పింది. ప్రచారానికి 140తో మొదలయ్యేవి. మామూలు పది అంకెల సెల్ నంబరు నుంచి "బ్యాంకు టెక్నికల్ టీమ్" అంటే పెట్టేసి, కార్డు వెనకున్న నంబరుకు మీరే చేయండి. 1600 నుంచి వచ్చినా ఓటీపీ, పిన్ మాత్రం ఎవరికీ చెప్పేవి కావు.

ప్రశ్న: డబ్బు పోయాక మొదటి గంటలో ఏం చేయాలి? బ్యాంకువాళ్లు "మీరే చెప్పారు కదా, మా బాధ్యత లేదు" అంటున్నారు.
– పలువురు పాఠకులు

జవాబు: 1930కి ఫోన్ చేయండి. ఆంధ్ర, తెలంగాణ, ఎక్కడి నుంచైనా అదే నంబరు. మీ ఖాతా నంబరు, బ్యాంకు పేరు, ఎంత పోయింది, ఎన్ని గంటలకు, బ్యాంకు మెసేజ్‌లో ఉన్న లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకుని చేయండి. యూపీఐ అయితే అది 12 అంకెలది. ఆ నంబరే కీలకం. దాన్ని పట్టుకునే మీ డబ్బు ఏ బ్యాంకులోని ఏ ఖాతాకు వెళ్లిందో చూసి, అక్కడ మిగిలి ఉన్న మొత్తాన్ని ఆపి ఉంచమని ఆ బ్యాంకుకు కబురు పంపుతారు. మోసగాళ్లు వచ్చిన డబ్బును నిమిషాల్లో పది ఖాతాలకు పంచి, ఏటీఎంలలో తీసేస్తారు. గంటలో చెప్పినదానికీ మర్నాడు చెప్పినదానికీ తేడా అంత ఉంటుంది. లైను దొరక్కపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో నేరుగా నమోదు చేయండి. ఫోన్‌లో చెప్పినా, వచ్చిన నంబరుతో అక్కడ పూర్తి ఫిర్యాదు నింపాలి.

పక్కనే ఇంకొకరి చేత బ్యాంకుకు ఫోన్ చేయించి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. ఫిర్యాదు నంబరు, టైము రాసుకోండి. మెసేజ్‌లు, కాల్ లిస్టు, ఆ యాప్ స్క్రీన్‌షాట్లు తీసుకున్నాకే యాప్ తొలగించండి. పోలీస్ స్టేషన్‌లో "ఇది మా పరిధి కాదు" అంటే, జీరో ఎఫ్ఐఆర్ రాసి సంబంధిత స్టేషన్‌కు పంపాలన్నది 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త నేర ప్రక్రియ చట్టంలో, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, 173వ సెక్షన్‌లో ఉంది.

బాధ్యత సంగతికి వస్తే, రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్‌ను బ్యాంకులో పేరు పెట్టి అడగండి. వివరాలు మీరే ఇచ్చి ఉంటే, బ్యాంకుకు తెలియజేసే దాకా జరిగిన నష్టం మీది. తెలియజేసిన తర్వాత పోయినది బ్యాంకుది. అందుకే ఫిర్యాదు టైముకు అంత విలువ. తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మధ్యలో ఎక్కడో జరిగితే, మూడు పని దినాల్లో చెబితే మీకు నష్టమే లేదు. నాలుగు నుంచి ఏడు పని దినాల్లో చెబితే ఖాతా రకాన్ని బట్టి ఒక పరిమితి వరకే మీరు భరించాలి, మామూలు సేవింగ్స్ ఖాతాకు అది పది వేలు. కస్టమర్‌దే తప్పని రుజువు చేయాల్సింది కూడా బ్యాంకే. కాబట్టి కౌంటర్ దగ్గర నోటిమాటగా చెప్పిన "కుదరదు"తో వెనక్కి రాకండి. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా సీఎంఎస్ డాట్ ఆర్బీఐ డాట్ ఓఆర్జీ డాట్ ఇన్‌లో బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా రాయవచ్చు. సందేహాలకు 14448.

ప్రశ్న: వాట్సాప్‌లో "కస్టమర్ సపోర్ట్" అని ఏపీకే ఫైల్ పంపితే మా అన్నయ్య వేసుకున్నాడు. ఇప్పుడు ఆ యాప్ గుర్తే కనబడటం లేదు.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: గుర్తు దాచుకుందంటే యాప్ లోపల ఉన్నట్టే. వచ్చే ఎస్సెమ్మెస్‌లన్నీ వాళ్లకు పంపడం దాని పని. ముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, సిమ్ తీసి మామూలు బటన్ల ఫోన్‌లో వేయండి. ఓటీపీలు ఇక అక్కడికి వస్తాయి, అక్కడి నుంచి బ్యాంకుకు చెప్పండి. తర్వాత స్మార్ట్‌ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో తెరవండి. చాలా ఫోన్లలో "పవర్ ఆఫ్" అన్న మాటను నొక్కి పట్టుకుంటే ఆ ఎంపిక వస్తుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ యాప్స్ రెండు చోట్లా తెలియని పేరు ఉంటే ఆపేసి, అప్పుడు యాప్స్ జాబితాలోంచి తొలగించండి. ఆపకుండా తొలగించబోతే పోదు. అక్కడా దొరక్కపోతే ఫొటోలు మాత్రం దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను మళ్లీ ఎక్కించుకోకండి, ఆ ఫైల్ అందులోనే ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి వచ్చి మాతో ఉంటున్నారు. నాన్నగారికి "రీఫండ్ ఇస్తాం" అని ఫోన్ వచ్చింది. 300 డాలర్లకు బదులు పొరపాటున 3,000 పడ్డాయనీ, మిగతాది గిఫ్ట్ కార్డులు కొని తిరిగివ్వమనీ ఏడ్చినంత పని చేశాడట. ఖాతాలో ఆ మొత్తం నిజంగానే కనిపించింది. 500 డాలర్ల కార్డులు రెండు కొనిచ్చేశారు.
– ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: ఖాతాలో కనిపించడానికి రెండు దారులున్నాయి. రిమోట్‌లో ఉండగా బ్రౌజర్‌లో కనిపించే పేజీలోని అంకెను మార్చి రాయవచ్చు. అది ఆ తెర మీద మాత్రమే మారుతుంది, ఎఫ్5 నొక్కితే అసలు అంకె వచ్చేస్తుంది. లేదా నాన్నగారి సేవింగ్స్ ఖాతా నుంచే చెకింగ్ ఖాతాకు డబ్బు మార్చి, బయటి నుంచి వచ్చినట్టు చూపిస్తారు. ఆ క్షణంలో తెరను నల్లగా చేసి పెడతారు. సేవింగ్స్ ఖాతా ఇప్పుడే తెరిచి చూడండి.

కార్డులు, రసీదులు పారేయకండి. కార్డు వెనకున్న నంబరుకు ఈరోజే ఫోన్ చేసి మోసం జరిగిందని చెప్పండి. ఇంకా వాడి ఉండకపోతే ఆపే అవకాశం ఉంది. బ్యాంకు ఫ్రాడ్ విభాగానికి చెప్పి లాగిన్ మార్పించండి. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వారి రిపోర్ట్‌ఫ్రాడ్ డాట్ ఎఫ్‌టీసీ డాట్ గవ్‌లో, ఎఫ్‌బీఐ వారి ఐసీ3 డాట్ గవ్‌లో ఫిర్యాదు చేయండి.

ఈ ఫోన్లలో కొన్ని మన దేశంలోని కాల్ సెంటర్ల నుంచే వెళ్తాయి. 2023 అక్టోబరులో సీబీఐ ఆపరేషన్ చక్ర-2 పేరిట 76 చోట్ల సోదాలు చేసింది. అమెజాన్, మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఫిర్యాదుల మీద పెట్టిన కేసులు అందులో ఉన్నాయి. పరాయి దేశంలో మన యాస వినబడగానే పెద్దవాళ్లకు సొంత మనిషి దొరికినట్టు ఉంటుంది. వాళ్లను తప్పుపట్టలేం. "నా ఉద్యోగం పోతుంది అంకుల్" అన్న మాట మీద జాలిపడ్డ మనిషిని ఇంట్లో ఎవరూ కసురుకోవద్దు. కసిరితే ఈసారి వచ్చే ఫోన్ సంగతి మీకు చెప్పరు. పైగా ఈసారి వచ్చేది "మీ 1,000 డాలర్లు మేం తిరిగి ఇప్పిస్తాం, ముందు 200 ఫీజు కట్టండి" అనే ఫోనే. మోసపోయినవాళ్ల నంబర్లు చేతులు మారుతుంటాయి. ఎఫ్‌టీసీ గానీ, ఇక్కడ 1930 గానీ డబ్బు ఇప్పించడానికి ఫీజు అడగవు.

నాన్నగారి ఫోన్‌లో మీ నంబరును, బ్యాంకు అసలు నంబరును పేర్లతో సేవ్ చేయండి. తెలియని నంబర్లను మోగనివ్వకుండా ఆపే సెట్టింగ్ పెట్టండి. డబ్బు మాట వస్తే "మా అమ్మాయితో మాట్లాడి చెబుతాను" అనడం అలవాటు చేయండి. ఆ మాట అనగానే అవతలివాళ్లు ఎవరికీ చెప్పొద్దని పట్టుబడతారు. అప్పుడు ఫోన్ పెట్టేయాలని ఆయనకు ముందే చెప్పి ఉంచండి.